రెండో పళ్ళెం

"పాట తెగలే బిడ్డా. నాకు యాదికున్నది గదొక్కటే," అంది దేవమ్మ.

ఆమె వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఎదురుగా హాలులో ఒక గోడంతా నల్లగా మాడి పెచ్చులు రాలి ఉంది. మూడు రోజుల కిందట ఆ గోడ పక్కనే ఆమె భర్త, మాజీ సర్పంచ్ రాములు, ఒక రికార్డు పెట్టె ముందు కూర్చుని పాట వింటూ చనిపోయాడు. పెట్టెలో బాంబు ఉంది.

"మొదటి సంది చెప్పవ్వా. పెట్టె ఎవలు తెచ్చిండ్రు?" అని అడిగింది నీల.

"రిక్షాల అచ్చింది. తొక్కేటోడు మన కోరుట్లోడు కాదు. విఠల్ పంపిండని దించి పోయిండు. మా ఆయన సంబురం నువ్వు సూడాలె! పెట్టె మీద చెయ్యేసి నిమిరిండు, లేగను నిమిరినట్టు. 'జోడు సెట్టే! మనుమని పురుడుకు గిదే పెడ్త' అన్నడు. నన్ను చాయ్ పెట్టుమన్నడు. నేను పొయ్యి కాడికి పోయిన. ఒక పాట మొత్తం ఇన్న. అయిపోవచ్చింది. అయిపోంగనే రెండోది అందుకుంటది గద? గిన్నె దించుకుంట, ఏం పాట ఏస్తడో అని చెవి పెట్టిన." దేవమ్మ కొంగుతో ముక్కు ఒత్తుకుంది. "సప్పుడు అచ్చింది. ఒక్క గడియ, గది కూడా పాటే అనుకున్న."



జగిత్యాల కోర్టులో నీల వకీలు. కానీ వాదించే మనిషిగా కంటే వెతికిపెట్టే మనిషిగానే ఆమె ఎక్కువ మందికి తెలుసు. ఆ రోజుల్లో మనుషులు తరచుగా కనపడకుండా పోయేవాళ్ళు. వాళ్ళ కోసం ఏ తలుపు కొట్టాలో, ఎవరిని ఏ మాట అడగాలో ఆమెకు తెలుసని ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

నిన్న పొద్దున విఠల్ భార్య రుక్కమ్మ అలాగే వచ్చింది. బీడీలు చుట్టే చాటను చంకలోంచి దించకుండానే మాట్లాడింది.

"మా ఆయనే బాంబు పెట్టిండంటున్నరు. పోలీసోళ్ళకు ముందుగాల దొరికితే కాల్చి ఏ గుట్టల్నో పడేస్తరు. నువ్వు ముందు దొరకవట్టు తల్లీ. జడ్జి ముందట నిలవెట్టు. అటెన్క నా నసీబు." తర్వాత గొంతు తగ్గించింది. "సిరిసిల్లల మా ఆడిబిడ్డ సత్యవ్వ ఉంటది. రెండేండ్ల సంది ఆమె ఇంట్లనే ఉంటుండు. సాంచాల కాడ ఏదో పని చేసుకుంటుండట. గీ మాట నీకొక్కదానికే చెప్తున్న."

ఏదో పని అంటే ఏ పని అని నీల అడగలేదు. ఎవరినైనా కొసదాకా అడిగే మనిషి, ఆ ఒక్కటీ వదిలేసింది. సాంచాలంటే మరమగ్గాలు, వాటికి మోటార్లు ఉంటాయి, మోటార్లకు మెకానిక్ కావాలి, విఠల్ ఇంకేం చేస్తాడు అనుకుంది. సిరిసిల్లకు పోయే ముందు పెట్టెను ఒకసారి కళ్ళారా చూడాలని కోరుట్లకు వచ్చింది. ఆ పెట్టె విఠల్‌ది కాదని చూపించగలిగితే జడ్జి ముందు నిలబెట్టడం తేలిక.

నిజం చెప్పాలంటే అది విఠల్‌ది కాకూడదని ఆమె కోరిక.

విఠల్ చేసిన జోడు సెట్ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ప్రతి ఇంటికీ తెలుసు. టేకు పెట్టె, అందులో పక్కపక్కన రెండు రికార్డు పళ్ళాలు, వాటి మధ్య అటూ ఇటూ జరిగే ఒక గుండీ. ఒక పళ్ళెం మీద పాట అయిపోతుండగా గుండీని రెండో వైపుకు జరిపితే, ఊపిరి తీసుకునేంత సందు కూడా ఇవ్వకుండా రెండో పాట అందుకునేది. పెళ్ళి ఊరేగింపుల ముందు ఎడ్లబండి మీద, కొండగట్టుకు పోయే లారీల మీద అదే ఉండేది. జోడు సెట్ దొరక్కపోతే ముహూర్తం మార్చుకున్న వాళ్ళున్నారు. కొడిమ్యాలలో నీల అక్క అప్పగింతల నాడు పాటకూ పాటకూ మధ్య ఖాళీ లేకపోవడం వల్లనే అమ్మ ఏడుపు ఎవరికీ వినపడలేదు. నీలకు ఆ సాయంత్రం ఇప్పటికీ పాటలాగే గుర్తుంది.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. ఢిల్లీ నుంచి రేకు డబ్బాల యాంప్లిఫైర్లు వచ్చాయి. అంతవరకైతే విఠల్ తట్టుకునేవాడేమో. కానీ అడవిలోని అన్నలు, నక్సలైట్లు, ఊరి బయట సభ పెడితే ఎవరిదో ఒకరి మైకు కావాలి. లేదనే ధైర్యం ఎవరికీ లేదు. తెల్లారితే పోలీసులు ఆ మైకువాడి కోసం వచ్చేవాళ్ళు. నిండుగా, కొద్దిగా బొంగురుగా ఉండే జోడు సెట్ గొంతును రెండు ఊళ్ళ అవతల నుంచి కూడా గుర్తుపట్టవచ్చు. దాన్ని అందరూ ప్రేమించింది ఆ గొంతు కోసమే. దానికి చేటు తెచ్చింది కూడా ఆ గొంతే.

వాకిట్లో జీపు ఆగింది.

"వకీలమ్మ మాకంటే ముందే వచ్చిందే!" స్పెషల్ పార్టీ ఇన్‌స్పెక్టర్ బాలకిషన్ టోపీ సర్దుకుంటూ లోపలికి వచ్చాడు. "ఈసారి ఎవరి తరఫున మేడం? చచ్చినోని తరఫునా, చంపినోని తరఫునా?"

"ఇంటామె తరఫున. గడప ఆమెది సార్. బూట్లు బయట విడిచి రావచ్చు."

బాలకిషన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. విడవలేదు. కానీ ముగ్గు తొక్కకుండా పక్క నుంచి వచ్చాడు. అతని వెనక తెల్లచొక్కా, చేతికి మెరిసే గడియారం ఉన్న మనిషి వచ్చి దేవమ్మకు చేతులు జోడించాడు. ఆయన బుచ్చయ్య. బస్టాండు దగ్గర క్యాసెట్ల దుకాణంలో రాములుకు భాగస్వామి. అంతకు ముందు పదేళ్ళు జోడు సెట్‌ను ఊరూరా తిప్పిన మైక్‌సెట్ బుచ్చయ్య ఆయనే. పేలిన పెట్టె విఠల్ చేసిందేనని పోలీసులకు చెప్పింది కూడా ఆయనే.

"బుచ్చన్నా," అంది నీల, "గిది విఠల్ చేతిదే అని ఎట్ల చెప్తున్నవు?"

"ఇంకెవలకు అచ్చు వకీలమ్మా గీ పని? మూలలు సూడు, మొల లేకుంట కలిపిండు. పదేండ్లు నెత్తి మీద మోసిన. నా పెండ్లాం మొకమన్న మర్శిపోత గని దీన్ని మర్వ."

"మరి నీ సెట్ ఏమైంది?"

బుచ్చయ్య ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. చెప్పమన్నట్టు అతను తల ఊపాడు.

"మా బాయిల పారేసిన. ఆరేండ్లాయె. పోలీసు సార్లు ఊరు మీద పడ్డ యేడు. నేనొక్కన్నేనా? ఆ యేడు కోరుట్ల బాయిలల్ల నీళ్ళ కన్న మైకులే ఎక్కువ. కప్పలు సుత పాటలు నేర్సినయి." గుమ్మం దగ్గర కానిస్టేబుల్ నవ్వాడు. బుచ్చయ్య నవ్వలేదు. "పారేసిన నాడు నేను బువ్వ తినలే."

ఆ మాట నిజంగానే అన్నాడని నీలకు అనిపించింది.

"అటెన్క విఠల్ కనపడ్డడా?"

"రెండేండ్ల సంది మొకం సూడలే. అన్నలల్ల కలిసిండంటరు."

"ఎవలంటరు?"

"అందరంటరు."

"ఆ అందరిల ఒక్కని పేరు చెప్పు."

బుచ్చయ్య మెడ తుడుచుకున్నాడు.

"సరే, ఇంకొకటి. రాములు సాబ్ గుండీని ఎవలనూ ముట్టనిచ్చేటోడు కాదట, నిజమేనా?"

"గది మాత్రం నిజం." బుచ్చయ్య ముఖంలోకి చిన్న నవ్వు వచ్చి పోయింది. "నేను రికార్డు పెట్టాలె, ఆయిన గుండీ జరపాలె. లగ్గమైనా గంతే, జాతరైనా గంతే. చిన్న పోరని లెక్క."

పెట్టెను పోలీసులు గోనెసంచి మీద ఒక మూలకు జరిపి ఉంచారు. నీల కొంగు నడుముకు దోపుకుని దాని ముందు కూర్చుంది. రెండో పళ్ళెం ఉన్న సగం లేనే లేదు. మిగిలిన సగంలో మొదటి పళ్ళెం, దాని కింద యాంప్లిఫైర్ పగిలినా ఆకారంతో ఉన్నాయి. టేకు చెక్క ఉబ్బి, మూలల దగ్గర నోరు తెరిచింది. మరమేకుల గాళ్ళలో నల్లటి మెత్తటి మన్ను ఇరుక్కుని ఉంది. నీల దాన్ని హెయిర్‌పిన్ను కొనతో గీరి చూసింది.

"దీని మీద నీళ్ళు పోసినవా అవ్వా?"

"రెండు బిందెలు గుమ్మరించిన బిడ్డా. మంట లేస్తుండె."

అందుకే ఉబ్బింది అనుకుని నీల తీగల వైపు తిరిగింది. పాత అతుకులు చాలా ఉన్నాయి. ప్రతిదాని మీదా ఆవగింజంత టంకం, గుండ్రంగా, నున్నగా, ఒకదానికొకటి తేడా లేకుండా ఉంది. విఠల్ చేతి పని అది. కానీ గుండీ దగ్గరికి పోయే తీగలకు కొత్త అతుకులు ఉన్నాయి. వాటికి టంకం లేదు. రెండు కొనలను ఒకదానిపై ఒకటి పెట్టి, నలిపి, ఎడమకు వంచి, తీగ మీదే వెనక్కి పడుకోబెట్టారు. చాలా చక్కగా, చెయ్యి తిరిగినట్టు ఉంది ఆ పని. వాటి మీద బూడిదరంగు పొర ఉంది. నీల వేలితో తుడిచి చూసుకుంది. పొగమసి అయితే నల్లగా జిడ్డుగా అంటుతుంది. ఇది పొడిగా, గరుకుగా ఉంది. రోజూ గిన్నెలు తోమే చెయ్యి దాన్ని పోల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. కట్టెల పొయ్యి బూడిద.

ఆమె గుండె తేలికైంది.

"ఏం దొరికింది మేడం?" అన్నాడు బాలకిషన్.

"మీకు అక్కరలేనిది. విఠల్ చేయలేదనే సాక్ష్యం."

"ఆహా."

"ముందుగాల ఒకటి చెప్పుండ్రి సార్. గీ పని అన్నలు చేస్తే తెల్లారేవరకు గోడ మీద రాసుకోరా? మూడు రోజులాయె. కోరుట్లల ఏ గోడ మీద ఏమున్నది?"

"భయపడి ఊకున్నరేమో."

"వాళ్ళా?"

బాలకిషన్ కనుబొమ్మ ఒకటి లేచింది.

"రెండోది. మొదటి పాట మొత్తం పాడింది. పేలలే. గుండీని రెండో పళ్ళెం దిక్కు జరిపినాకనే పేలింది. ఆ ఇంట్ల గుండీ జరిపే చెయ్యి ఒక్కటే అని తెలిసినోడు పెట్టిండు. ఎక్కడో అడివిల కూసున్నోనికి గది ఎట్ల తెలుస్తది? ఇది దగ్గరి మనిషి పని. అన్నల పేరు అడ్డం పెట్టుకుంటే గీ రోజుల్ల మిమ్ములను మోసం చేసుడు ఎంత అల్కగనో మీకు తెల్వదు."

బుచ్చయ్య గడియారం బిగువు సరిచేసుకున్నాడు.

"విఠల్ సుత దగ్గరి మనిషే గద మేడం," అన్నాడు బాలకిషన్ నెమ్మదిగా. "సెట్ చేసినోడు. గుండీ ముచ్చట ఆయనకు తెల్వదా?"

"తెలుస్తది. గని గీ తీగలు ఆయన కలపలే. ఇటు రాండ్రి, సూడుండ్రి. టంకం ఏది? విఠల్ ప్రాణం పోయినా టంకం లేకుంట తీగ కలపడు. గిది వేరే పనితనం. మా మేనత్త మగ్గం కాడ చిన్నప్పుడు చూసిన. బీముకు చుట్టిన పడుగు ఒడిసినంక పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతరు. వేళ్ళు జారకుండ బూడిద అద్దుకుంటరు. నలుపుతరు, ఎడమకు వంచుతరు, వెనక్కి పండవెడ్తరు. వీడు తీగ పట్టుకున్నా ముందు బూడిదల వేళ్ళు పెట్టిండు. అలవాటు సార్. చెయ్యి అబద్ధం చెప్పదు." ఆమె లేచి నిలబడింది. "మీరు వెతకాల్సింది రేడియో మెకానిక్‌ను కాదు. పడుగు అతికే చెయ్యిని."

బాలకిషన్ వంగి ఒక అతుకును చాలాసేపు చూశాడు. తర్వాత తానూ వేలితో తుడిచి వాసన చూశాడు. అతను తెలివితక్కువవాడు కాదు. నీలకు అతని మీద ఉన్న కోపమంతా అందుకే.

"బుచ్చయ్యా, గీ అతుకు పని చేసేటోళ్ళు ఎక్కడ ఎక్కువ?"

బుచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. "సిరిసిల్ల సార్. సాంచాలన్నీ గాడనే గద." ఒక క్షణం ఆగి, "నాకు తెలిసినోళ్ళు ఉన్నరు. నేను చూపిస్త," అన్నాడు.

"మంచిది. ఫోర్స్ తీసుకోని పోదాం." బాలకిషన్ నీల వైపు తిరిగి టోపీ పెట్టుకున్నాడు. "మొదటిసారి మీ మాట నాకు నచ్చింది మేడం."

"దొరికినోన్ని కోర్టుకు తెస్తరు గద?"

"నిలవడితే తెస్తం. ఉరికితే మా చేతుల ఏముంటది?"

అతను బయటికి నడిచాడు. ఈసారి కూడా ముగ్గు తొక్కలేదు.

సిరిసిల్ల బస్సులో నీలకు కిటికీ పక్కన సీటు దొరికింది. పోలీసులు సిరిసిల్లకే వస్తున్నారన్న బెంగ ఆమెకు లేదు. వాళ్ళు వెతికేది పడుగు అతికేవాడిని. విఠల్ మోటార్లు బాగుచేసుకుంటూ ఏదో ఒక షెడ్డులో ఉంటాడు. చేతిలో సోల్డరింగ్ కడ్డీతో, పెదాల మధ్య టంకం తీగతో, కోరుట్ల దుకాణంలో చిన్నప్పుడు తను చూసినట్టే ఉంటాడు. రేపు ఆయన్ను జడ్జి ముందు నిలబెట్టి ఈ అతుకుల మాట చెబితే చాలు. చాలా కాలం తర్వాత ఆమెకు తెలియకుండానే నోట్లోకి ఒక కూనిరాగం వచ్చింది. అక్క పెళ్ళిలో పాట. అది అయిపోతే జోడు సెట్‌లో తర్వాత ఏ పాట వచ్చేదో గుర్తు చేసుకోబోయింది. రాలేదు.

సత్యవ్వ ఇంటి పక్కంతా మరమగ్గాలే. ఆ మోతలో మాట వినపడాలంటే అరవాలి.

"ఎవలు నువ్వు?" సత్యవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రుక్కమ్మ పంపింది! విఠల్ కోసం అచ్చిన!"

సత్యవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసింది. చెప్పుల మీద దుమ్ము, చేతిలో బస్సు టికెట్టు చూశాక పక్కకు జరిగింది. "ఎన్కకు షెడ్డుల ఉన్నడు. జెరసేపు ఆగు. పొద్దుగాల బీము ఒడిసింది. నడుమ ఇడిస్తే సాంచాల ఆసామి ఊకోడు."

"ఏం పని?"

"గదే అమ్మా, అతుకు పని."

మోతలో సరిగా వినపడలేదేమో అనుకుంది నీల. "మోటార్ల పని కాదా?"

"మోటార్లా! కండ్లు ఏడున్నయి? దగ్గరి సూపు ఎప్పుడో పోయె. సాంచ నడుపుదామంటే ఆసాములు రానియ్యలే. వేళ్ళు మాత్రం అప్పటియే. నేనే నేర్పిన. రెండేండ్ల సంది పడుగు అతికే బతుకుతుండు. కండ్లు మూసుకోని అతుకుతడు మా తమ్ముడు." ఆ చివరి మాటలో కొద్దిగా గర్వం ఉంది.

నీల ఇల్లు దాటి వెనక్కి నడిచింది.

షెడ్డు తలుపు నెట్టి లోపలికి వెళ్ళింది. రెక్కలు వెనక వాటంతటవే మూసుకున్నాయి. ఆగిన మగ్గం కింద, పోగుల మధ్య, తెల్లజుట్టు మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన సత్తు గిన్నెలో బూడిద. రెండు వేళ్ళు గిన్నెలో ముంచాడు. పాత పోగు, కొత్త పోగు కలిపాడు. నలిపాడు. ఎడమకు వంచాడు. వెనక్కి పడుకోబెట్టాడు. మళ్ళీ గిన్నె. కళ్ళు నిజంగానే మూసుకుని ఉన్నాడు.

పొద్దున కోరుట్లలో గోనెసంచి మీద చూసిన అతుకే అది. దాన్ని ఆమే వేలుపెట్టి పోలీసులకు చూపించింది. ఎవరిని వెతకాలో, వాడి చెయ్యి ఎలా కదులుతుందో, అన్నీ చెప్పింది.

"విఠలన్నా," అంది. "తీగలు సుత గిట్లనే అతికినవా?"

ఆయన కళ్ళు తెరిచి, ఆమె ముఖాన్ని దూరం నుంచి పట్టుకోవడానికి తల వెనక్కి వాల్చాడు. తర్వాత సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"ఎవలు బిడ్డా నువ్వు? నీకెవలు చెప్పిండ్రు? అగో, నా ఇజ్జత్ పోయింది పో! టంకం లేకుంట విఠల్ తీగ కలిపిండంటే నేనే నమ్మకపోదు." బూడిద చేతులు మోకాళ్ళకు తుడుచుకున్నాడు. "ఏం చెయ్యాలె మరి? కడ్డీ పోయి ఎన్నేండ్లాయె. ఇన్నేండ్లకు ఒక మనిషి నన్ను వెతుక్కుంట సెట్ తెచ్చిండు. నా కాడ కడ్డీ లేదు పో అని ఎల్లగొడుదునా? నాకిప్పుడు అచ్చిన అతుకే ఏసిన. ఎన్కసీరి టంకం పెట్టిచ్చుకో అని కూడ చెప్పిన. పెట్టిచ్చిండో లేదో."

"ఆ సెట్ ఎట్లున్నది అప్పుడు?"

"పీనుగ లెక్క ఉండె! బాయిలకెళ్ళి తీసింది అది. టేకంత ఉబ్బింది. సందు సందుల ఒండ్రు. అక్క నేను పొద్దుమూకే దాక కడిగినం. మరమేకుల సందులది మాత్రం పోలే."

మరమేకుల సందుల్లో నల్లటి మెత్తటి మన్ను. దేవమ్మ బిందెల్లో ఉన్నవి మంచినీళ్ళు. మంచినీళ్ళలో ఒండ్రు ఎక్కడిది? హెయిర్‌పిన్ను కొన మీద చూసి కూడా తను దాటేసింది.

ఇక అడగనవసరం లేదు. అయినా అడిగింది.

"ఎవలు తెచ్చిండ్రు?"

"ఇంకెవలు, మన బుచ్చన్న!" ఆయన ముఖం విప్పారింది. "పాపం, తన చేతులతోనే పారేసుకున్నడు గద, తనే తీసుకున్నడు. 'రాములు సాబ్ మనుమని పురుడు ఉన్నది, మల్లొక్కసారి జోడు సెట్ పాడాలె విఠలన్నా, నువ్వు గుండీ ఒక్కటి మంచిగ చేసియ్యి, మిగిలింది నేను సూసుకుంట' అన్నడు. ఈ షెడ్డులనే పాడిచ్చి సూసినం. సాంచాలు ఆపి అందరు అచ్చిండ్రు బిడ్డా. అందరు! ఒక ముసలామె ఏడ్సింది." తర్వాత, చాలా రోజులుగా అడగడానికి ఎవరూ లేక దాచుకున్న మాటను అడిగినట్టు అడిగాడు. "పురుడు అయిందా? మంచిగ పాడిందా? పాట తెగలేదు గద?"

దేవమ్మ గడప మీద కూర్చుని చెప్పిన మొదటి మాట నీలకు గుర్తొచ్చింది.

"తెగలే," అంది.

"గంతే సాలు," అన్నాడు విఠల్. మళ్ళీ గిన్నె వైపు తిరిగాడు.

"అన్నా, లే. కట్టుకున్న బట్టలతోనే నడువు. జగిత్యాలకు పోవాలె, జడ్జి కాడికి. బుచ్చయ్య నీతోని అన్న మాటలన్నీ నువ్వు జడ్జికి చెప్పాలె. ఎందుకో తొవ్వల చెప్త."

"ఇప్పుడా? పడుగు సగమే అయింది బిడ్డా."

"పడుగు పాడుగాను! లే అన్నా."

రాములు పోతే క్యాసెట్ల దుకాణమంతా బుచ్చయ్యకే మిగులుతుంది. అతను జీపులో ఎందుకు కూర్చున్నాడో కూడా ఆమెకు ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. విఠల్ అడవిలో ఉన్నాడని అందరూ నమ్మినంతకాలం బుచ్చయ్యకు భయం లేదు. సిరిసిల్లలో అతుకు పనివాళ్ళను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగితే విఠల్ బతికి దొరుకుతాడు, మాట్లాడతాడు. బుచ్చయ్య లెక్కలో విఠల్ దొరికినా మాట్లాడకూడదు. ఆ అవసరాన్ని పుట్టించింది తను. దగ్గరి మనిషి పని అని బుచ్చయ్య ముందే అన్నది తను.

విఠల్ మోకాళ్ళ మీద చేతులు ఊని లేవబోయాడు. అప్పుడే కరెంటు పోయింది.

వీధిలోని మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. అంత మోత తర్వాత వచ్చిన నిశ్శబ్దం చెవులను నొక్కింది. ఆ నిశ్శబ్దంలో ఇంటి ముందు జీపు ఆగిన చప్పుడు, బూట్లు దిగిన చప్పుడు విడివిడిగా వినపడ్డాయి. సత్యవ్వ ఎవరితోనో ఏదో అంటోంది. ఆమె గొంతు మధ్యలో ఆగిపోయింది.

"విఠలన్నా! ఓ విఠలన్నా!"

ఆ పిలుపు ఎంతో ఆప్యాయంగా ఉంది.

విఠల్ ముఖంలో వెలుగు వచ్చింది. లేచే ప్రయత్నం మానేసి, దగ్గరికి వచ్చే మనిషి కోసం కూర్చున్నట్టు మళ్ళీ కూర్చున్నాడు. "బుచ్చన్న! సూసినవా, మల్ల అచ్చిండు. ఇంకో సెట్ దొరికినట్టుంది."

నీల ఆయన నోరు మూయాలని చెయ్యి చాపింది. ఆలస్యమైంది.

"ఈడున్న బుచ్చన్నా! ఎన్కకు షెడ్డుల!"

బూట్ల చప్పుడు ఇటు మళ్ళింది. నీల ఆయన మణికట్టు పట్టుకుంది. ఆమె అరచేతికి బూడిద అంటింది. "అన్నా, నా మాట విను. ఏం జరిగినా ఉరకకు. కూసున్న కాన్నే కూసో. ఆ పోగులు పట్టుకోనే ఉండు. కదలకు."

"నేనెందుకు ఉరుకుత బిడ్డా?" అన్నాడు విఠల్ ఆశ్చర్యంగా. రెండు చేతుల్లో రెండు పోగులు పట్టుకుని కూర్చున్నాడు.

షెడ్డుకు వెనక వైపు తలుపు లేదు. ఉన్నది ముందు తలుపు ఒక్కటే, అది మూసి ఉంది. ఆ మూసిన తలుపు అవతల నుంచి, లోపల ఏముందో ఏమీ చూడకుండానే, బుచ్చయ్య గొంతు గట్టిగా అరిచింది.

"సార్! అగో ఉరుకుతుండు! ఉరుకుతుండు సార్!"

తుపాకీ గడియ లాగిన చప్పుడు అయింది. నీల తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచి, గడప మీద అడ్డంగా నిలబడింది.